మూడో ఆకు వచ్చేదాకా

మా ఆవిడ పోయాక చుట్టాలు వారం రోజులుండి ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు. చలికాలం మొదలవుతోంది. బడికి పెట్టిన సెలవు ఇంకా నాలుగు రోజులు మిగిలింది. ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుండాలని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. అందుకని ఇల్లు సర్దడం మొదలుపెట్టాను.

వంటగది అటక మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. తెరిస్తే గుడ్డ మూటలు, కొన్ని ఉసిరికాయంత, కొన్ని నిమ్మకాయంత. మొత్తం ఇరవై ఏడు. చొక్కా ముక్క, దిండు గలేబు ముక్క, తువ్వాలు కొస, ఏది చేతికందితే అందులో కట్టినట్టున్నాయి. ఒక్కదాని మీదా రాత లేదు. అన్నిట్లోనూ విత్తనాలే.

వాటిని ఒక్కొక్కటిగా విప్పాను. పరీక్షలప్పుడు మిగిలిన తెల్ల కవర్లలో గింజలు పోసి, అంటించి, పైన పేర్లు రాశాను. చిక్కుడు, గుమ్మడి, ధనియాలు, ఉల్లి నాకు తెలిసినవే. తెలియనివి పుస్తకం చూసి పోల్చుకున్నాను. మూడు మూటల్లో మాత్రం గింజలు ఒకేలా ఉన్నాయి. చిన్నవి, గుండ్రంగా, ముదురు గోధుమ రంగులో. కళ్ళజోడు తుడుచుకుని పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనబడలేదు. ఆ మూడు కవర్ల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాను. అంకె వేశాక వాటి సంగతి తెలిసిపోయినట్టే అనిపించింది. గుడ్డ ముక్కలన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి బడికి పట్టుకెళ్ళాను. నల్లబల్ల తుడవడానికి గుడ్డలు మా బడిలో ఎప్పుడూ తక్కువే.

చలి విరిగాక పార పట్టుకుని పెరట్లోకి దిగాను. మా తోట పెద్దదేం కాదు. ఇంటి వెనక ఆరు బారల పొడుగు, నాలుగు బారల వెడల్పు. గోడ వారన, ఎండ పొద్దుటే తగిలే చోట, పాత ఇటుకలు పేర్చి చేసిన నారుమడి. నీళ్ళు మోయడం తప్ప ఆ తోటలో నాకు ఎన్నడూ ఏ హోదా లేదు. ఇప్పుడు బడి నుంచి రాగానే చెప్పులు విడిచి తవ్వేవాణ్ణి. రోజుకు రెండు గజాలు. తడి మట్టి పారకు అంటుకుపోయి పారకంటే బరువెక్కేది. నడుము పట్టేసేది. ఆగి చూస్తే తవ్విందానికంటే తవ్వాల్సిందే ఎక్కువ కనబడేది. అన్నం వండుకునే ఓపిక లేక పొద్దుటిదే తిని పడుకునేవాణ్ణి.

ఇంత చేసిందీ ఒక్క క్యాబేజీ నారు కోసం. మా ఊళ్ళో దాన్ని మేష్టారింటి క్యాబేజీ అంటారు. అందులో మేష్టారి చెయ్యి ఏమీ లేదు. అది మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గింజ. చిన్న గడ్డ, కొస తేలి ఉంటుంది. బజారు రకం ఎండ ముదిరితే పగిలిపోతుంది, ఇది పగలదు. ఏటా ఈ రోజుల్లో పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు నారు కోసం మా పెరట్లోకి వచ్చేవారు. ఎవరూ గింజ దాచుకునేవారు కాదు. ఆవిడ ఉందిగా అనుకునేవారు.

ఆస్పత్రిలో చివరి వారం ఆవిడ మాట్లాడిందాంట్లో సగం ఆ నారు గురించే. "పోయినేడు నాకు బాగోక గింజ కట్టలేదు. ఉన్నదంతా ఒక్క మూట. పోనివ్వకండి" అంది. అలాగే అన్నాను. ఏ మూట అని అడగలేదు.

ఈ వసంతం ఒక్కటి గట్టెక్కితే చాలనుకున్నాను. నారు పెంచి, అడిగినవాళ్ళకు పంచి, మాట దక్కించుకుని, ఆ తర్వాత తోటను గడ్డికి వదిలేద్దామని.

ముందుగా వచ్చింది పక్కింటి కండక్టరు. బస్సు దిగి ఆరేళ్ళయినా ఊరికి ఆయన కండక్టరే, గొంతు కూడా ఇంకా బస్సులోనే ఉంది. గోడ మీంచి తల పెట్టి పిలిచాడు.

"మేష్టారూ! ఆవాలున్నాయా? కోళ్ళకి కాస్త పచ్చాకు వేసుకోవాలి. ఏటా అమ్మగారు తిట్టి మరీ ఇచ్చేవారు."

"తిట్టడం నాకు రాదు" అన్నాను.

"ఇవ్వండి చాలు. తిట్లు మా ఇంట్లో దొరుకుతాయి."

లోపలికి వెళ్ళి మూడు కవర్లూ బల్ల మీద పెట్టుకుని నిలబడ్డాను. ఈ మూడింట్లో ఒకటి ఆవాలు, ఒకటి క్యాబేజీ అని ఊహించగలను. రెండో దాంట్లో గింజ కాస్త ఎక్కువుంది. ఎవరింట్లోనైనా ఆవాలే కదా ఎక్కువుంటాయి. ఆ కవరు తెచ్చి గోడ మీంచి అందించాను.

"ఇవి ఆవాలేనా?" అన్నాడు, గింజలు అరచేతిలో పోసుకుని.

"ఆవాలే."

ప్రశ్న అడిగినవాణ్ణి జవాబు లేకుండా పంపే అలవాటు నాకు లేదు. నాకు సరిగ్గా తెలియదు అనే మాట ఆ నిమిషంలో నోటికి రాలేదు. ఆయన ఒక గింజ కొరికి చూశాడు. "ఘాటుంది. రైట్ రైట్" అని వెళ్ళిపోయాడు.

మిగిలిన రెండు కవర్లూ నారుమడిలో చల్లాను. చల్లాను అనడం కూడా తప్పే. తాడు కట్టి, గీత గీసి, అంగుళానికొకటి చొప్పున వేశాను. ఈ చివర ఒకటి, ఆ చివర మూడు అని పుల్లలు గుచ్చాను. మర్నాడే నర్సమ్మ వచ్చింది. ఊళ్ళో సగం మందిని భూమ్మీదకు తెచ్చిన మనిషి, ఎవరి పెరట్లోకైనా తలుపు తట్టకుండా వస్తుంది.

"నారు ఎప్పుడిస్తారు మేష్టారూ? నా మడి తవ్వి పెట్టుకున్నాను."

"నాలుగు వారాలు" అన్నాను.

"నాకు నలభై. దర్జీ ఆవిడకి ఇరవై చెప్పమంది. ఆవిడకి మిషను దగ్గర తీరట్లేదు." వెళ్ళబోతూ ఆగింది. "సరిగ్గా తింటున్నారా?"

"తింటున్నాను."

"మొహం చూస్తే అలా లేదు" అని వెళ్ళింది.

మొలకలు వచ్చిన రోజు మా వదిన వచ్చింది. మా ఆవిడకు అక్క, నాకంటే ఏడేళ్ళు పెద్ద. రెండు వీధుల అవతల ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో కర్ర పట్టుకుని ఆ రెండు వీధులూ నడిచేసరికి ఆవిడకు కోపం వస్తుంది, ఆ కోపం ఎదురుపడినవాడి మీద దిగుతుంది.

"మరిదీ, ఈ తాడేమిటి? గోడ కడుతున్నావా?"

"వరస తిన్నగా రావాలి కదా వదినా."

"వంకరగా వేస్తే మొలవమంటాయా?" వంగి చూసింది. "గళ్ళ గుడ్డలోదేనా ఇది?"

"ఏ గళ్ళ గుడ్డ?"

"నీ చొక్కాదే. పెళ్ళయిన కొత్తలో వేసుకు తిరిగేవాడివి, చదరంగం బల్ల తొడుక్కున్నట్టు. అది చిరిగాక దాంట్లోనే మా చెల్లి క్యాబేజీ గింజ కట్టుకునేది. ఆవాలు పసుపుపచ్చ గలేబు ముక్కలో. టర్నిప్పు నా లంగా ముక్కలో. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. గుడ్డ చూపిస్తే ఏ గింజో చెప్పేస్తారు."

నేను కవర్ల సంగతి చెప్పాను. ఆవిడ బోర్లించిన బకెట్టు మీద నెమ్మదిగా కూర్చుంది.

"సరే. గుడ్డలేవి?"

"బడిలో ఉన్నాయి."

"బడిలో ఏం చేస్తున్నాయి?"

"నల్లబల్ల తుడుస్తున్నాం."

వదిన తనలో తను అనుకున్నట్టు అంది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంటే సామెత అనుకున్నాను. ఇన్నేళ్ళు ఇది నీతో ఎలా వేగిందో..." అక్కడ ఆగిపోయి, కర్రతో మట్టి మీద గీసింది. నేను పుల్లలు సరిచేశాను.

"మొత్తం ఎన్ని రకాలు కలిశాయి?"

"మూడు. రెండు ఇక్కడ వేశాను."

"మూడోది?"

"ఉంది" అన్నాను. అబద్ధం కాదు. ఎక్కడుందో చెప్పలేదు, అంతే.

"ఇప్పుడు ఎవరికీ తెలీదు" అంది లేస్తూ. "మొదటి రెండాకులూ అన్నిటికీ ఒకటే. మూడో ఆకు రావాలి. వేలితో రాస్తే నూగు తగిలిందా, అది ఆవో టర్నిప్పో. నున్నగా ఉండి, మీద నీటిబొట్టు వేస్తే పూసలా జారిపోయిందా, అది క్యాబేజీ. అందాకా నోరు మూసుకుని నీళ్ళు పొయ్యి."

ఆ సాయంత్రమే కండక్టరు ఇంటికి వెళ్ళి ఉండవలసింది. మధ్యలో గోడ ఒక్కటే. వెళ్ళలేదు. మూడింట రెండు పాళ్ళు నావైపే ఉన్నాయని లెక్క వేసుకున్నాను. బడిలో నేను చెప్పేది లెక్కలే. క్యాబేజీ నా మడిలోనే ఉంటే ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నా తప్పు నాకు తప్ప ఎవరికీ తెలియకుండా పోతుంది.

పదహారు రోజులు అలా గడిచాయి. పొద్దుట బడికి ముందు నాలుగు బకెట్లు, వచ్చాక నాలుగు బకెట్లు. నర్సమ్మ సాయంత్రాలు దారిన పోతూ తొంగి చూసేది. "ఇంకా పురిటి నొప్పులేనా?" అనేది. దర్జీ ఆవిడ ఒకసారి మిషను వదిలి వచ్చి, నిలబడి చూసి, "బాగా మొలిచాయండీ, ఆవిడ చెయ్యే మీకూ వచ్చింది" అంది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాను. గోడ అవతల కోళ్ళు పొద్దుటే కలకలలాడేవి. కండక్టరు వాటికి ఏదో వేస్తూ, "తోసుకోకండి, అందరికీ సీట్లున్నాయి" అనడం వినిపించేది. ఏం వేస్తున్నాడో నేను తల ఎత్తి చూడలేదు.

పదిహేడో రోజు పొద్దున మూడో ఆకు విచ్చుకుని ఉంది. బడి సంచీ భుజాన ఉండగానే వంగి వేలితో రాశాను. ఒకటో పుల్ల దగ్గర నూగు తగిలింది. మూడో పుల్ల దగ్గరా తగిలింది. పొరపాటు పడ్డానేమోనని చెంబుతో నీళ్ళు తెచ్చి చుక్క వేశాను. చుక్క ఆకంతా పరుచుకుంది, జారలేదు. చివరి మొక్క దాకా చూశాను. ఒక్కటీ క్యాబేజీ కాదు.

సంచీ అక్కడే పెట్టి కండక్టరు పెరట్లోకి వెళ్ళాను. ఆయన బొచ్చెలో తవుడు కలుపుతున్నాడు.

"మేష్టారు మా స్టాపులో దిగారే!" అన్నాడు. "కూర్చోండి, కూర్చోండి."

"నేను మీకిచ్చినవి ఆవాలు కావు."

"మరి?"

"క్యాబేజీ. మా ఇంటి క్యాబేజీ. గింజ అదొక్కటే ఉంది."

ఆయన చెయ్యి తవుట్లోనే ఆగిపోయింది. "అదేంటండీ, కోళ్ళు లొట్టలేసుకుని తింటుంటే ఆవాలేననుకున్నాను."

"ఎంత మిగిలింది?"

కోళ్ళ దడి పక్కన పొడుగాటి మడి చూపించాడు. బారెడు మడిలో మూడొంతులు పీకేసి ఉంది. మిగిలిన కొస కూడా దడి సందుల్లోంచి అందినంత మేర కోళ్ళే పొడుచుకు తిన్నాయి.

"మొన్నటిదాకా సగం పైన ఉంది" అన్నాడు. "మొన్న వచ్చినా..."

మొన్న ఎందుకు రాలేదో నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు.

మా ఆవిడకూ ఆయన కోళ్ళకూ పదేళ్ళ వైరం. మడులు గీరేస్తున్నాయని గోడ దగ్గర నిలబడి తిట్టేది. అదే గుర్తొచ్చిందేమో, "ఏటా అమ్మగారి తిట్లు తినేవి నా కోళ్ళు. ఈ ఏడు ఏకంగా ఆవిడ క్యాబేజీనే తినేశాయి" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని మడి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఇంట్లోంచి రెండు చెంచాలు తెప్పించాడు. వేరు తెగకుండా, మట్టితో సహా, ఒక్కొక్క మొక్కనూ లేపాం. ఆకుల మీద నూగు లేదు. నీలం పొడి అద్దినట్టు నున్నగా ఉన్నాయి. కొన్ని వేలు తగలగానే విరిగిపోయాయి. పళ్ళెంలో తడి గుడ్డ మీద పెట్టి లెక్కపెడితే పదకొండు వచ్చాయి. అందులో రెండింటికి సగం ఆకే ఉంది.

"మేష్టారూ" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ సంగతి అమ్మగారికి మాత్రం చెప్పకండి."

అలవాటుగా వచ్చిన మాట అది. అన్నాక ఆయనకే తెలిసింది. ఇద్దరం ఆ పళ్ళెం వంక చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆయన లేచి, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చి ఇచ్చి వెళ్ళాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున నేనే అందరికీ కబురు పెట్టాను. పద్దెనిమిది ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళవాళ్ళు వచ్చారు. పెరట్లో నిలబడ్డారు, వదిన బకెట్టు మీద కూర్చుంది. క్లాసులో నిలబడి మాట్లాడడం నాకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం మాటలు కూడదీసుకోవాల్సి వచ్చింది.

"గింజలు కలిపేసింది నేను. ఏది ఏదో తెలియకుండానే తెలుసన్నాను. రెండు వారాల కిందటే అనుమానం వచ్చింది, అప్పుడు అడగలేదు. అడిగితే ఇంకా చాలా మిగిలేవి. ఉన్నవి పదకొండు."

వదిన మొదలుపెడుతుందని ఎదురుచూశాను. ఆవిడ కర్ర రెండు చేతుల మధ్య తిప్పుతూ ఉంది. చివరకు నర్సమ్మే అంది.

"తప్పు మాదీ ఉందిలెండి. ఇన్నేళ్ళు తిన్నాం, ఒక్కరికైనా నాలుగు గింజలు దాచుకుందామని తోచలేదు."

"తిట్టరా?" అన్నాను.

"తిడితే పన్నెండో మొక్క వస్తుందంటే తిడతాను." పళ్ళెం దగ్గర వంగి ఆకులు చూసింది. "ఈ ఏడు ఎవరికీ నారు లేదు. పదకొండూ ఒకేచోట పెరగాలి. పంచితే పూత కలవదు, గింజ పట్టదు."

"గింజ ఎప్పుడొస్తుంది?" అని అడిగాను. వేసవి చివరికి వస్తుందనుకున్నాను.

నర్సమ్మ వదిన వంక చూసింది. వదిన నా వంక చూసింది.

"నీకు ఇదీ తెలీదా?" అంది వదిన. "ఇన్నేళ్ళు నీళ్ళు మోశావు, దేనికి మోస్తున్నావో చూడలేదా? క్యాబేజీ మొదటి ఏడు పూస్తుందా ఎక్కడైనా? ఈ వేసవిలో గడ్డ కడుతుంది. గడ్డ కోసుకుని మోడు ఉంచాలి. ఆ మోడు ఎండలకి చావకూడదు, వానకి కుళ్ళకూడదు, చలికాలమంతా బతకాలి. అప్పుడు పై వసంతంలో పిలకలు లేచి పూస్తాయి. పూత కాయై, కాయ ఎండి, పిట్టలు తినగా మిగిలింది నీది."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిహేను నెలలు.

"అంతవరకూ..." అన్నాను.

"అంతవరకూ నువ్వే. నాకు మోకాళ్ళు లేవు. వీళ్ళకి చోటు లేదు. కండక్టరు పెరట్లో కోళ్ళున్నాయి."

కండక్టరు అందరికీ వెనకగా నిలబడి ఉన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక మడి దగ్గర కూర్చున్నాను. లేవాలనిపించలేదు. గట్టు కనబడుతోందనుకుని ఈదుకొచ్చినవాడికి అది గట్టు కాదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంకో ఎండాకాలం, ఇంకో వానాకాలం. ఇంకో చలికాలం కూడా. పోయిన చలికాలం ఇంకా ఒంట్లోంచి పోనేలేదు. ఆవిడ ఉన్నప్పుడు ఈ పదిహేను నెలల పని నా ఇంట్లోనే, నా కళ్ళ ముందే, ఏడాది విడిచి ఏడాది జరుగుతూ వచ్చింది. నేను చూసింది కంచంలో కూర మాత్రమే.

పొద్దు వాలాక ఆవ మొక్కలూ టర్నిప్పూ పీకి కండక్టరు గోడ మీద పెట్టాను. మడి తిరగతవ్వి పదకొండింటినీ దూరదూరంగా నాటాను. తాడు కట్టే ఓపిక లేదు. సగం ఆకున్న రెండింటికీ పక్కన పుల్ల ఆసరా ఇచ్చాను. నీళ్ళు పోసి లోపలికి వెళ్ళి, బట్టలు మార్చుకోకుండానే నిద్రపోయాను.

సోమవారం పొద్దున బడికి బయలుదేరుతూ ఒకసారి చూద్దామని పెరట్లోకి వెళ్ళాను. పది ఉన్నాయి. గోడ వారగా నాటినది మొదలు దగ్గర కొరికేసి పక్కకు వాలి ఉంది, ఆకు ఇంకా వాడలేదు. ఇది మట్టిలో దాక్కునే పురుగు పని. రాత్రి తిని, పగలు మొక్క మొదట్లోనే చుట్టచుట్టుకుని పడుకుంటుంది. ఒకదాన్ని తిన్నది పక్కదాన్ని వదలదని నిన్న వెళ్ళబోతూ నర్సమ్మ చెప్పింది.

సంచీ గట్టు మీద పెట్టి, ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాలిన మొక్క చుట్టూ చూపుడు వేలితో మట్టి తోడాను. అంగుళం లోతున బూడిద రంగు పురుగు దొరికింది, లావుగా, చల్లగా. దాన్ని నలిపేసి పక్క మొక్క దగ్గరకు జరిగాను. దాని మొదట్లో ఏమీ లేదు. ఆ పక్కదాని దగ్గర ఇంకొకటి దొరికింది. ఒక్కో మొక్క చుట్టూ వేరు కదలకుండా తోడి, చూసి, మళ్ళీ మట్టి కప్పి, వేళ్ళతో అదుముతూ వెళ్ళాను.

బడి గంట వినిపించింది. ఎవరో కొడుతున్నారు. ముప్ఫై ఏళ్ళలో నేను లేకుండా ఆ గంట మోగడం ఆవిడ పోయిన రోజుల్లో తప్ప జరగలేదు. తల ఎత్తి అటు చూశాను. ఇంకా నాలుగు మొక్కలు మిగిలి ఉన్నాయి. మోకాళ్ళ మీదే ముందుకు జరిగాను.